ఆ పాప చదువుతుందని రాశాను

ఆళ్లగడ్డలో టీచర్ల శిక్షణ జరుగుతున్న హాల్లో, భోజనాలకు కాస్త ముందు, నా ఫైల్లోంచి ఒక పేపర్ కటింగ్ తీసి నాలుగో తరగతి పాప చేతికి ఇచ్చాను. కటింగ్‌లో ఉన్నది ఆమె ఫొటోయే. ఫొటో కింద ఉన్న వార్త ఆమె గురించే. అక్షరాలు కూడబలుక్కునే పిల్ల కొద్ది వారాల్లోనే కథ చదివే స్థాయికి వచ్చిందని ఆ వార్త. రాసింది నేను.

పాప కటింగ్‌ను బల్ల మీద పరిచింది. మడత లేవకుండా ఎడమ చేత్తో నొక్కి పట్టుకుంది. కుడిచేతి చూపుడు వేలు మొదటి లైను కింద పెట్టి, గట్టిగా మొదలుపెట్టింది.

"ఒక ఊళ్లో ఒక మేక ఉంది. మేకకు ఆకలి వేసింది. మేక బస్సు ఎక్కింది."

వార్తలో మేక లేదు, బస్సు లేదు. ఆ మేక కథ మేము పిల్లల చదువును పరీక్షించే కాగితం మీద ఉంటుంది. వేలు మాత్రం సరిగ్గా నడుస్తోంది. లైను చివరిదాకా పోయి, కిందికి దిగి, మళ్లీ ఎడమ నుంచి మొదలవుతోంది. దూరం నుంచి చూసేవాళ్లకు అంతకంటే చక్కగా చదివే పిల్ల ఉండదు. వార్త అయిపోయింది. కథ ఇంకా అయిపోలేదు. వేలు కాగితం అంచు దాటి బల్ల చెక్క మీదికి వచ్చింది. అక్కడ కూడా ఎడమ నుంచి కుడికి రెండు లైన్లు నడిచింది.

"కండక్టర్ టికెట్టు ఇచ్చాడు. మేక టికెట్టు తినేసింది."

హాల్లో వెనక వరసలోంచి ఎవరో అన్నారు, "పేపర్లో మేక యాడనుంచి వచ్చె సార్?" దాంతో నవ్వులు మొదలయ్యాయి. పాప కూడా నవ్వింది. మేక టికెట్టు తినే చోట పిల్లలంతా నవ్వుతారు. ఈ పెద్దవాళ్లూ అందుకే నవ్వుతున్నారనుకుంది. బాగా చదివాను కదా అన్నట్టు నా వైపు చూసింది.

నవ్వని మనిషి ఒక్కరే. గుమ్మం దగ్గర చేతిసంచి పట్టుకుని నిలబడిన ఆమె టీచరు.

నేను నంద్యాలలో ఒక దినపత్రికకు చాలా ఏళ్లు పనిచేశాను. వేరుశనగ ధరలు, పాణ్యం రోడ్డు మీద లారీ ప్రమాదాలు, కాలువకు నీళ్లు వదలడం, వదలకపోవడం, ఇవే రాశాను. ఉద్యోగం మానేశాక కూడా జిల్లా పేజీకి అప్పుడప్పుడు ఏదో ఒకటి పంపేవాణ్ని. ఆ రోజుల్లోనే టీచర్లకు శిక్షణ ఇచ్చే ఒక స్వచ్ఛంద సంస్థవాళ్లు వచ్చి, చిన్న పిల్లలు చదివే కాగితాలు రాసిపెట్టమని అడిగారు. చిన్న వాక్యాలు, తెలిసిన మాటలు. వార్తలు రాసేవాడికి అది చేతనైన పనే అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. రాయడంతో మొదలై, శిక్షణలో కూర్చోవడం, తర్వాత మాట్లాడటం దాకా వచ్చింది.

పద్ధతి కష్టమైనదేమీ కాదు. ఒక కాగితం మీద అక్షరాలు, పదాలు, ఒక చిన్న పేరా, ఒక కథ ఉంటాయి. టీచరు ఒక్కో పిల్లను విడిగా కూర్చోబెట్టుకుని చదివించాలి. అందించకూడదు, కసురుకోకూడదు. ఎక్కడిదాకా చదవగలిగిందో గుర్తు పెట్టుకోవాలి, అంతే. మధ్యాహ్నం ఒక గంట, తరగతితో పని లేకుండా, అక్షరాల దగ్గర ఆగినవాళ్లు ఒక గుంపుగా, పదాల దగ్గర ఆగినవాళ్లు ఒక గుంపుగా కూర్చుంటారు. టీచరు వాళ్లతోనే గడపాలి. కథ చదివిన పిల్లలకు ఆ గంట అక్కర్లేదు. వాళ్లు నోట్సు రాసుకుంటారు. అంటే, కథ చదివిందని గుర్తు పడితే ఆ పిల్లకు ఆ గంట పోయినట్టే.

నంద్యాలలో మొదటి శిక్షణ రోజున ఒక పెద్దాయన లేచారు. రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నాయన.

"మా పిల్లోళ్లకు చదవను రాదని చెప్పనీకి మళ్లీ ఈ కాగితమొకటా సార్? నన్నడిగితే నేనే చెప్తా గదా, ఎవురికొచ్చు, ఎవురికి రాదో."

"అట్లయితే ముందు మీరు రాసుకోండి సార్, ఎవరికి వస్తుందో, ఎవరికి రాదో. సాయంత్రం పరీక్షించి రేపు చెప్పండి," అన్నాను.

మర్నాడు ఆయన అందరికంటే ముందే వచ్చి కూర్చున్నారు. నేను అడగకముందే చెప్పారు.

"ముందు బెంచీ పిల్ల సార్. నోట్సు చూస్తే ముత్యాలే. బోర్డు మింద ఉండేది చుక్క పోకుండా దించుతాది. చదవమంటే గోడ చూస్తాండాది." వేలితో గాల్లో గుర్తు గీసి, "మూడేండ్లుగా ఆ నోట్సుకు నేనే రైటు కొడతాండా," అన్నారు.

ఆ మాట నేను తర్వాత ఎన్నో శిక్షణల్లో చెప్పాను. చదువుతున్నట్టు కనిపించడం వేరు, చదవడం వేరు అని నొక్కి చెప్పాను. ఇది మనసులో పెట్టుకుని మిగతాది చదవాలి. తెలియక చేసిన తప్పు కాదు నాది.

ఆ పాప టీచరును నేను మొదట చూసింది కూడా ఆ నంద్యాల శిక్షణలోనే. నంద్యాలలో కాపురం, ఆళ్లగడ్డ దగ్గర బడి. రోజూ బస్సులో పోయివస్తుంది. బడిలో టీచరు ఆమె ఒక్కతే. ఐదు తరగతులు, రెండు గదులు. రెండో రోజు ఆమె అడిగింది.

"ఒక్కొక్కరినీ పక్కకు పిల్చుకుంటే మిగిలినోళ్లను ఎవరు చూస్తారు సార్? తిరిగొచ్చేసరికి బడి ఉండదు."

అందరూ నవ్వారు. మా కాగితంలో స్పష్టంగా ఉంది, మిగతా పిల్లలకు వినపడనంత దూరంలో కూర్చోవాలని. ఆ దూరం ఎందుకో కూడా రాసి ఉంది. కానీ ఫలితాల పట్టికలు శనివారానికి చేరాలి. గడువు దగ్గర పడుతుంటే పని ఎలాగో ఒకలా ముగించడం నాకు పేపరు నేర్పిన అలవాటు.

"వరండాలో వరసగా కూచోబెట్టుకోండి మేడం. మీ ముందరే ఉంటారు. ఒకరు లేస్తే ఇంకొకరు. బేగా అయిపోతుంది," అన్నాను.

ఆమె రాసుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు కూడా రాసుకున్నారు.

ఇంకొకటి కూడా చెప్పాలి. నేను రెండు కథలు రాశాను. మొదటిసారి ఒకటి, మళ్లీ పరీక్షించేటప్పుడు ఇంకొకటి ఇవ్వాలని సంస్థవాళ్లు అడిగినందుకే రెండు రాశాను. ఒకటి బస్సెక్కిన మేక. రెండోది బావిలో పడిన బిందె. బిందె కథ పొడిగా వచ్చింది. పిల్లలు నవ్వరు. మేక కథ ఇచ్చిన ప్రతిచోటా నవ్వారు. ఇంటికి పోతూ కూడా చెప్పుకున్నారు. రాసేవాడికి అంతకంటే ఏం కావాలి? బిందె కథ సరిగా రాలేదు, ఈసారికి మేకనే ఉంచుదామని నేనే అన్నాను. కథల సంగతి నాకే వదిలేశారు కాబట్టి ఎవరూ కాదనలేదు.

రెండోసారి పరీక్షించే రోజు ఆ టీచరు బడికి నేను వెళ్లాను. వరండాలో పిల్లలు గోడకు ఆనుకుని వరసగా కూర్చున్నారు. ఆ పాప వరసలో దాదాపు చివర ఉంది. తన వంతు వచ్చేలోపు మేక ఎన్నిసార్లు బస్సు ఎక్కిందో నేను లెక్కపెట్టలేదు. అప్పుడు ఆ ఆలోచనే రాలేదు. మొదటిసారి అక్షరాల్లో సగం దగ్గర ఆగిపోయిన పిల్ల, ఇప్పుడు టీచరు అక్షరాల వైపు చూపించేలోపే కథ మీద వేలు పెట్టి చివరిదాకా చెప్పేసింది. నేను ఫోన్ తీసి ఫొటో తీశాను.

పిల్లలు వెళ్లాక టీచరు పట్టిక ముందు పెట్టుకుని కూర్చుంది. పెన్ను తీసింది గానీ గుర్తు పెట్టలేదు.

"సార్, నాకెందుకో అనుమానంగా ఉండాది. నిన్న బోర్డు మింద పలక, వల అని రాస్తే చూస్తా నిలబడింది."

"అందరి ముందూ భయపడి ఉంటుంది మేడం."

"భయపడే పిల్ల కాదు సార్ అది."

"మీరు చెప్పిన చదువును మీరే నమ్మకపోతే ఎట్లా?"

ఆ మాటతో ఆమె గుర్తు పెట్టింది. పొగిడినట్టే అనిపించే మాట అది. అప్పటికే నా తలలో వార్త తయారైపోయింది. మొదటి వాక్యం కూడా కుదిరింది. కుదిరిన మొదటి వాక్యాన్ని వదులుకోవడం ఎంత కష్టమో పేపరులో పనిచేసినవాళ్లకు తెలుసు. ఇంకో కాగితం ఇచ్చి చూద్దామని ఆమె అనలేదు, నేనూ అనలేదు. బిందె కథ నా ఫైల్లోనే ఉంది.

వార్త ఆదివారం వచ్చింది. ఆ సోమవారం నుంచి పాప మధ్యాహ్నం గుంపులో లేదు. మిగతావాళ్లు టీచరు చుట్టూ నేల మీద కూర్చుని అక్షరాల అట్టముక్కలు పేర్చుకుంటుంటే, ఆమె గోడ పక్కన నోట్సు దించుకుంటూ కూర్చునేదట. ఒకటి రెండుసార్లు అట్టముక్కల దగ్గరికి వస్తే మిగతా పిల్లలే తరిమారట, "పేపర్లో పడినావు గదా, నీకెందుకు ఈ ముక్కలు?" అని. ఇది టీచరు నాకు తర్వాత చెప్పింది.

అలాంటి పాపను ఆళ్లగడ్డ శిక్షణకు తీసుకురమ్మన్నది కూడా నేనే. చదవడం వచ్చిన పిల్ల తన గురించి వచ్చిన వార్త తానే చదివితే హాలంతా చప్పట్లు కొడుతుందనుకున్నాను.

ఆ రోజు హాల్లో నవ్వులు ఆగాక భోజనాలకు లేచారు. పాప బయట మెట్ల మీద కూర్చుని, ఎవరో ఇచ్చిన బిస్కెట్ పొట్లం విప్పుతోంది. నేను పక్కన కూర్చున్నాను.

"సార్, తప్పు చదివినానా?" అంది.

ఏదో అర్థమైంది ఆమెకు. పెద్దవాళ్లు మరీ ఎక్కువసేపు నవ్వారు మరి. ఆమె ఎవరినీ మోసం చేయలేదు. కాగితం మీద వేలు పెట్టాలి, గట్టిగా చెప్పాలి, ఎక్కడా ఆగకూడదు. ఆమె ఇన్నేళ్లలో చూసిన చదువు అదే. అందరితో కలిసి పాఠం అప్పజెప్పినప్పుడూ అదే చేసింది. అది చదవడం కాదని ఆమెతో ఎవరూ అనలేదు. ఆ క్షణంలో ఎవరైనా అనాల్సి ఉంటే అది నేనే.

"లేదు మా, బాగానే చదివినావు," అన్నాను.

వెనక టీచరు నిలబడి ఉందని నాకు తెలియదు.

"మళ్లీ అదే చేస్తాండారు సార్," అంది. గొంతు పెంచలేదు. పాపను లేపి, చేయి పట్టుకుని బస్టాండుకు నడిచింది.

పట్టిక సరిచేయడానికి ఆమె ప్రయత్నించింది. వివరాలు అప్పటికే ఆన్‌లైన్‌లోకి ఎక్కాయి. ఒకసారి కథ స్థాయి అని పెట్టాక కిందికి దించితే ఫోన్‌లోని యాప్ ఒప్పుకోదు. ఎవరినో అడిగితే, వచ్చే విడత పరీక్షలో మార్చుకోండి మేడం అన్నారట. వచ్చే విడత రాలేదు. ఆ ఏడాదితో ఆ పని ఆ మండలంలో ఆగిపోయింది.

నా వంతు పని చిన్నది. మూడు లైన్ల సవరణ. నా చేతి మీదుగా అలాంటివి ఎన్నో వెళ్లాయి, ఊరి పేరు తప్పు పడిందనో, ఫొటోలు తారుమారయ్యాయనో. ఇది కూడా రాశాను. పంపలేదు. చదవడం రాదని పేపర్లో వేస్తే పిల్ల పరువు పోతుందని నాకు నేను చెప్పుకున్నాను. అందులో నిజం లేకపోలేదు. పోయే పరువు ఆమెది ఒక్కటే కాదన్నది కూడా నిజం.

కనీసం ఇంట్లోవాళ్లకు చెబుదామని ఒకరోజు ఆళ్లగడ్డలో ఆమె తండ్రి అంగడికి వెళ్లాను. పరుపులు, దిండ్లు కుట్టే చిన్న అంగడి. లోపలంతా దూది. నన్ను చూడగానే ఆయన సూది పక్కన పెట్టి, ముక్కుకు కట్టుకున్న గుడ్డ కిందికి లాగాడు.

"రాండి సార్, రాండి. మీరొచ్చినారంటే నాకు పండగే," అని స్టూలు తుడిచి వేశాడు. గోడ మీద కటింగ్ ఫ్రేము కట్టించి పెట్టాడు. పాప లోపల దిండు గలీబుకు దారం పట్టిస్తోంది. నన్ను చూసి నవ్వింది.

"నాకు చదువు రాదు సార్," అన్నాడాయన. "ఫొటో ఒకటే కనపడతాది. ఏం రాసినారో ఎవరినన్నా అడుగుదామంటే నామోషీ. పాపనడిగితే, నా గురించి నేనే చదువుకోవాల్నా నాయనా, సిగ్గయితాది అంటాది. మీరే ఒకసారి చదవండి సార్. ఇనాలని ఉండాది."

నిజం చెప్పడానికి వెళ్లినవాణ్ని. ఫ్రేము ముందు నిలబడి చదివాను. ఆయన చేతులు కట్టుకుని విన్నాడు. ఒక చోట కళ్లు తుడుచుకుని, "దూది పడింది," అన్నాడు. మళ్లీ ఒకసారి చదవమన్నాడు. మళ్లీ చదివాను. రెండోసారి చదువుతుండగా పక్కకు చూస్తే, పాప దారం వదిలేసి వచ్చి నిలబడి ఉంది. నా గొంతు వెంటే ఆమె పెదవులు కదులుతున్నాయి.

నేను ఆపలేదు. చివరిదాకా చదివి, టీ తాగి, చెప్పాల్సింది చెప్పకుండానే వచ్చేశాను.

తర్వాత కొన్ని నెలలు టీచరు ఆ పాపను మధ్యాహ్నం అన్నం తిన్నాక తన దగ్గర కూర్చోబెట్టుకుంది. నాకు ఫోన్ చేసి చెప్పేది కాదు. నేనే చేసేవాణ్ని. ఒకసారి, "గుణింతాల దాకా వచ్చింది సార్. చిన్న చిన్న మాటలు సొంతంగా చదువుతాది. టయిముంటే వచ్చేస్తాది," అంది. ఆ టయిము దొరకలేదు. ఆమెకు కొలిమిగుండ్ల వైపు బదిలీ అయింది. వెళ్లేముందు కొత్తగా వచ్చినాయనకు పాప సంగతి చెప్పిందట. ఆయన పట్టిక తెరిచి, "కథ స్థాయి అనే ఉంది కదా మేడం," అన్నాడట. ఆయన తప్పేం లేదు. ఉన్నది ఉన్నట్టు చదివాడు.

ఈ ఏడాది బడులు తెరిచాక వేరే పని మీద ఆళ్లగడ్డ వెళ్లి, ఆ అంగడి ముందు ఆగాను. ఆగకుండా పోదామనే అనుకున్నాను. తండ్రే చూసి పిలిచాడు. పాప హైస్కూలు యూనిఫాంలో ఉంది. ఎనిమిదో తరగతి. నా భుజం దాకా వచ్చింది.

"సార్‌కు చదివి చూపియ్ మా," అన్నాడు తండ్రి. నాతో, "ఇప్పుడు సిగ్గు పోయింది సార్. చుట్టాలెవరొచ్చినా చదివి వినిపిస్తాది," అన్నాడు.

పాప ఫ్రేము దగ్గరికి వెళ్లింది. దుమ్ము చున్నీతో తుడిచి, గాజు మీద వేలు పెట్టింది. నేను రాసిన మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా, ఒక్క తప్పు లేకుండా, ఎక్కడా తడబడకుండా వినిపించింది. ఈసారి వేలు కాగితం దాటలేదు. చివరి మాట దగ్గర సరిగ్గా ఆగింది. ఆ రోజు చదివేటప్పుడు నేను ఊపిరి తీసుకున్న చోటే ఆమె కూడా ఊపిరి తీసుకున్నట్టు అనిపించింది. అది నా భ్రమ కావచ్చు. ఆ టీచరు చెప్పిన గుణింతాలు ఈ నాలుగేళ్లలో ఎంత దూరం వచ్చాయో నాకేం తెలుసు?

తండ్రి నా వైపు చూస్తున్నాడు. పాప కూడా చూస్తోంది, మెట్ల మీద బిస్కెట్ పొట్లంతో చూసినట్టే. కానీ ఈసారి ఏమీ అడగలేదు.

ఆ ఉదయం కొన్న, ఆమె ఇంకా చూడని పేపరు మడిచి నా సంచిలో ఉంది. దాన్ని తీసి ఆమె చేతికి ఇవ్వలేదు. ఆమెకు చదవడం వచ్చో రాదో నాకు ఇప్పటికీ తెలియదు.